కార్బురేటర్ మీద చెయ్యి వేసే ముందు నిప్పురవ్వ చూడండి

ఇప్పుడే షెడ్డు నుంచి వచ్చాను. చేతుల గ్రీజూ పోలేదు, కోపమూ పోలేదు. నేను అలా టీ తాగి వచ్చేలోపు మెకానిక్ మళ్లీ కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) విప్పి బల్ల మీద పరిచేశాడు. ఎవరు విప్పమన్నారు? వేడెక్కాక బండి ఆగిపోతోందని చెప్పాను. చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతోందనీ చెప్పాను. ఇంత స్పష్టంగా చెప్పినా, పెట్రోలును మండించే నిప్పురవ్వ వస్తోందో లేదో ఒక్కసారి చూడకుండా స్పానర్ అందుకోవడం ఏమి పనితనం?

ఈమధ్యే కొన్న ఈ బండి 1970ల తొలినాళ్ల మహీంద్రా ఎఫ్‌సీ-150. ముందు బానెట్ లేని చిన్న ట్రక్కు. లోపల 2.2 లీటర్ల హరికేన్ పెట్రోల్ ఇంజన్. సెన్సర్లు లేవు, కంప్యూటర్ లేదు. పెట్రోలు అందాలి, గాలి అందాలి, సరైన క్షణంలో నిప్పురవ్వ పుట్టాలి. వెతకవలసిన చోట్లు ఇన్నే!

బండి ఆగిన వెంటనే, చల్లారక ముందే, ఎయిర్ క్లీనర్ తీసి కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ కదపండి. పెట్రోలు చిమ్మితే అక్కడిదాకా ఇంధనం వస్తున్నట్టే. చిమ్మకపోతే ముందు ట్యాంకు మూత తెరవండి. గాలి రంధ్రం మూసుకుపోయి ఉంటే బుస్సుమని శబ్దం వస్తుంది. తరువాత నిప్పురవ్వకు కరెంటు పుట్టించే కాయిల్ నుంచి, దాన్ని ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే తీగ తీసి, ఇన్సులేషన్ ఉన్న పట్టుకారుతో ఇంజన్ బ్లాకుకు దగ్గరగా పట్టి సెల్ఫ్ కొట్టించండి. పెట్రోలు ఒలికిన చోట మాత్రం ఈ పని వద్దు. టప్పున నీలి రవ్వ దూకాలి. పసుపుగా, నీరసంగా వస్తే కార్బురేటర్‌ను వదిలేసి పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు), కండెన్సర్, కాయిల్ చూడండి. పాయింట్ల మధ్య సందు అర మిల్లీమీటరు ఉండాలి. వేలి ముక్కంత కండెన్సర్ వేడికి చచ్చి, చల్లారితే బతుకుతుంది. అది పోతే పాయింట్లు తెరుచుకునే చోటే రవ్వలు రాలి నల్లబడతాయి, ప్లగ్గుకు చేరవలసిన బలం అక్కడే పోతుంది. నా బండి పాయింట్లు బొగ్గులా ఉన్నాయి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది. ఆ మూతకు ఉన్నవి రెండు క్లిప్పులు. అవి తీయడానికి బద్ధకం, కార్బురేటర్ మొత్తం విప్పడానికి లేదు!

అదంతా ఒక ఎత్తు, చివర్లో మెకానిక్ అన్న మాట ఒక ఎత్తు. ‘పాత బండి ఇంతే సార్, డీజిల్ ఇంజన్ పెట్టించేయండి.’ ఈ మాట ఎన్నేళ్ల నుంచి వింటున్నామో చెప్పండి! ఈ ఒక్క సలహాతో మన ఊళ్లలో ఎన్ని పెట్రోలు జీపుల గుండెలు పీకి పాత ఇనుముకు అమ్మేశారు! ఇప్పుడు అసలు ఇంజన్‌తో ఉన్న బండి కావాలంటే కళ్లు కాయలు కాయాలి. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనానికి వింటేజ్ రిజిస్ట్రేషన్ రావాలంటే ఇంజన్, ఛాసిస్, బాడీ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలోనే ఉండాలి. అతని మాట వింటే ఏ బండికైనా ఆ అర్హతే పోతుంది.

ప్రభుత్వం మాత్రం మా పాత బండ్లవాళ్లను తలుచుకుందా? ఏప్రిల్ 2023 తరువాతి బండ్లను ఈ20కి, అంటే 20 శాతం ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలిపిన పెట్రోలుకు, తగిన రబ్బరుతో తయారు చేయమన్నారు. అంతకుముందువి దేశం నిండా తిరుగుతున్నాయని తెలిసి కూడా, 2025 నాటికి ఎక్కడ చూసినా 20 శాతం ఇథనాల్ పెట్రోలే. ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది. పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టరుకు అడ్డం పడేస్తుంది. పెట్రోలు పంపులోని డయాఫ్రమ్ పొరనూ పాత రబ్బరు గొట్టాలనూ ఉబ్బించి పాడుచేస్తుంది. పైగా ఇథనాల్‌కు పెట్రోలు కంటే తక్కువ గాలి చాలు కాబట్టి, కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే పాత జెట్లతో మిశ్రమం పలచబడి ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. అప్పుడు కూడా నింద కార్బురేటర్ మీదే, బండి వయసు మీదే!

మేము రాయితీ అడగడం లేదు. ప్రతి పట్టణంలో ఒక్క బంకులోనైనా ఇథనాల్ కలపని మామూలు పెట్రోలు అమ్మండి. లీటరుకు పది రూపాయలు ఎక్కువైనా కొంటాం.