మొహం చూపించి బతకడం అనే కళ

నెల్లూరు వీఆర్సీ సెంటర్లో మొన్న ఒక పుట్టినరోజు ఫ్లెక్సీ కింద నిలబడి మొహాలు లెక్కపెట్టాను. నలభై ఒకటి తేలాయి. రిటైరైన డ్రాయింగు మాస్టారికి ఇంతకంటే పెద్ద పనులు ఎవరూ చెప్పరు. నిలువెత్తు మొహం పుట్టినరోజు ఆయనది, కింద వరసల్లో స్టాంపుబిళ్లల్లా ఉన్నవి శుభాకాంక్షలు చెప్పేవాళ్లవి. ఆరా తీస్తే, డబ్బులిచ్చి వేయించింది కూడా పుట్టినరోజు ఆయనేనట. అంటే అది స్వీయచిత్రమే కదా! కళాచరిత్ర దీన్ని ఇంతవరకూ పట్టించుకోకపోవడం మన జిల్లాకు జరిగిన అన్యాయాల్లో ఒకటి.

డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1669లో పోయేదాకా తన మొహాన్ని తానే ఎనభైసార్ల దాకా వేసుకున్నాడు, రంగుల్లో కొన్ని, రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసినవి కొన్ని. లోకం ఇప్పటికీ నోరు తెరుచుకుని చూస్తోంది. ఆ ఎనభై మన ట్రంకు రోడ్డుకు ఒక్క పండక్కి చాలవు. పైగా ఆయనకు లౌక్యం తెలీదు. ఏటికేడు మొహం మీద ముడతలు పెంచుకుంటూ పోయాడు. మనవాళ్లు ఏటికేడు తీయించుకుంటూ వస్తున్నారు.

ఈ జ్ఞానమంతా నా సొంతం కాదు. హైదరాబాదులో చిత్రకళ చదివే మనవడు సెలవులకొచ్చి నా కళ్లు తెరిపించాడు. "ఇప్పుడు స్వీయచిత్రమంటే బొమ్మ గీసుకోడం కాదు తాతా, వీడియో, ఇన్‌స్టలేషన్" అన్నాడు. ఇన్‌స్టలేషనంటే ఏసీ బిగించడం అనుకున్నాను. కాదట. గదినే బొమ్మగా చేసి జనాన్ని అందులోకి తోలడమట.

కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్ 1974లో ఒక బుద్ధుడి విగ్రహాన్ని టీవీ ముందు కూర్చోబెట్టాడు. ఎదురుగా కెమెరా. టీవీలో బుద్ధుడు కనపడతాడు, ఆ బుద్ధుణ్ణి ఈ బుద్ధుడు చూస్తుంటాడు. కార్యక్రమం అంతే. చిన్నబజారులో ఏ బంగారు కొట్టుకు పోయినా గుమ్మంలో ఇదే ఏర్పాటు. కాకపోతే బుద్ధుడు కదలడు, మనవాళ్లు జుట్టు సర్దుకుంటారు. ఒకసారి మా ఆవిడ ఆ టీవీలో తన వీపు చూసుకుని, "నేనింత లావయ్యానా!" అని గొలుసు బేరం మధ్యలో ఆపి బయటికొచ్చేసింది. ఒక కళాఖండం వల్ల నాకు డబ్బు మిగలడం అదే మొదలు.

వీపంటే గుర్తొచ్చింది. అమెరికా కళాకారుడు బ్రూస్ నౌమన్ 1970లో ఒక నడవ కట్టాడు. ఇరవై అంగుళాల వెడల్పు, ముప్పై అడుగులకు పైనే పొడవు. ఆ చివర ఒకదాని మీద ఒకటి రెండు టీవీలు. ఒకదాంట్లో ఖాళీ నడవ కనపడుతుంది. అది ముందే రికార్డు చేసి పెట్టింది కాబట్టి మీరు లోపల ఎంత తిరిగినా అందులోకి రారు. రెండోదాంట్లో మీరుంటారు, అదీ వెనకనుంచి. కెమెరా గుమ్మం దగ్గర పైనుంది మరి. టీవీలో ఉన్నది ఎవరా అని దగ్గరికి నడిచేకొద్దీ కెమెరాకు దూరమై, మీ బొమ్మ చిన్నదైపోతుంది.

మనవడు ఇది చెప్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఆ నడవలో నేను నడిచాను. అమెరికాలో కాదు, మన జిల్లాలోనే, ఒక ఆఫీసులో. ఏ ఆఫీసని అడక్కండి, నాకింకా అక్కడ పనుంది. గుమ్మం దగ్గర "సార్"గా బయల్దేరాను. బెంచీల దగ్గరికి వచ్చేసరికి "పెద్దాయన"నయ్యాను. కౌంటరు దగ్గరికి చేరేసరికి "ఏయ్, లైన్లో రా". రెండు టీవీలూ అక్కడున్నాయి. రిజిస్టర్లో నేనున్నాను, కంప్యూటర్లో లేను. "మీరు బతికున్నట్టు ఇందులో చూపించడంలా" అన్నాడు లోపలి పిలకాయ, పాపం, మర్యాదగానే.

పెన్షను ఆగకుండా ఏటా ఇచ్చుకునే బతికున్నట్టు రుజువు అంటే ఇప్పుడు కాగితం ఒక్కటే కాదు, యాప్ తెరిచి ఫోన్ ముందు మొహం పెట్టి కళ్లార్పడం కూడా. అక్కడికే వస్తున్నాను, కానీ ముందు ఇంకో మనిషి గురించి చెప్పాలి. తైవాన్ నుంచి న్యూయార్కు చేరిన టెచింగ్ షే 1980 ఏప్రిల్‌లో గుండు చేయించుకుని, ఫ్యాక్టరీల్లో ఉండే హాజరు గడియారం ఒకటి పెట్టుకున్నాడు. ఏడాదిపాటు రాత్రింబగళ్లు గంటగంటకూ కార్డు గుద్దడం, పక్కన నిలబడి ఒక్క ఫ్రేము ఫొటో తీసుకోవడం. మొత్తం 8,760 సార్లు గుద్దాలి. అందులో 133 తప్పాయి, చాలావరకు నిద్రపట్టేసి. ఫ్రేములన్నీ కలిపితే ఆరు నిమిషాల సినిమా, అందులో జుట్టు పెరగడమే కథ. తప్పిన 133కి కూడా లెక్క రాసి ప్రదర్శనకు పెట్టారు. మన ఉపాధి హామీ పనుల్లో హాజరు చూసే మేటు రోజుకు రెండుసార్లు కూలీలందర్నీ నిలబెట్టి ఫొటో యాప్‌లోకి ఎక్కించాలి. ఉదయగిరి గుట్టల్లో సిగ్నల్ దొరక్క రెండోది ఎక్కలేదనుకోండి, దాన్నెవరూ ప్రదర్శనకు పెట్టరు. ఆ పూట కూలి గోవిందా.

ఇంగ్లండులో మార్క్ క్విన్ అనే ఆయన 1991లో తన ఒంట్లోంచి కొద్దికొద్దిగా నాలుగున్నర లీటర్ల రక్తం తీయించి, దాన్ని తన తల అచ్చులో పోసి గడ్డకట్టించాడు. ఫ్రీజర్లో ఉన్నంతసేపే ఆ తల ఉంటుంది. కరెంటు పోతే కళాకారుడు కరిగిపోతాడు. ఇందుకూరుపేట రొయ్యల రైతులు ఇది విని "ఓస్, అంతేనా?" అన్నారు. చెరువులో రొయ్యలకు గాలి అందించే ఏరేటర్ ఆగిన రాత్రి వాళ్లకుండే టెన్షన్ ముందు ఇదెంత.

రోజలిండ్ క్రాస్ అనే విమర్శకురాలు 1976లో, వీడియో కళకు అసలు ముడిసరుకు యంత్రాలు కాదు, తనను తాను చూసుకుని మురిసిపోయే గుణమే అని తేల్చిందట. ఫ్లెక్సీల వరకూ ఆమెతో నాకు పేచీ లేదు. కానీ ఆమె మా పెన్షనర్లను చూడలేదు. నా మొహం మీద నాకు మోజు పోయి ముప్పై ఏళ్లయింది. గడ్డం గీసుకునేటప్పుడు కూడా గడ్డమే చూస్తాను. అడుగుతున్నది అవతలివాళ్లు.

ఆ బతికున్నట్టు రుజువు కోసం ఫోన్ ముందు మొదటిసారి మొహం పెడితే యాప్ "మొహం సరిగా పెట్టండి" అంది. ఈ మొహం ఇంతకంటే సరిగా ఉండదు. రెండోసారి వెలుతురు చాల్లేదు. మూడోసారి కళ్లార్పాను, ఆర్పలేదంది. శుక్లాల ఆపరేషనైన కన్ను సగమే మూసుకుంటుంది, ఆ సంగతి ఫోనుకెవరు చెప్తారు? మా ఆవిడ టార్చి పట్టుకుంది. మనవడు నన్ను కిటికీ పక్కకు జరిపి, సగం మొహం చీకట్లో ఉండేట్టు కూర్చోబెట్టి, "ఇది రెంబ్రాంట్ లైటింగ్ తాతా" అన్నాడు. యాప్‌కి రెంబ్రాంట్ నచ్చలేదు. పదకొండోసారి, వంటింట్లో తాలింపు ఘాటు కళ్లకెక్కి టపటపా ఆర్పితే, ఒప్పుకుంది. ఎండుమిరపకాయల దయవల్ల నేను ఇంకో ఏడాది బతికాను.

మనవడు ఇవన్నీ పక్కనుంచి వీడియో తీశాడని తర్వాత తెలిసింది. పదకొండు టీవీల్లో పదకొండుసార్లు నేను కళ్లార్పుతుంటానట, కాలేజీ ప్రదర్శనలో. "పోనీలే, మీరు ఉద్యోగంలో ఉండగా ఒక్క ప్రదర్శనైనా పెట్టారా?" అంది మా ఆవిడ.

ప్రదర్శన హైదరాబాదులో, ఫ్లెక్సీ మాత్రం మా వీధి మొగదల. మా పెద్దవాడు, అంటే మనవడి మేనమామ, వార్డులో నిలబడే ఆలోచనలో ఉన్నాడు. మేనల్లుడికి అభినందనలంటూ వేయించాడు. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని వాడు నిలువెత్తున ఉన్నాడు. మనవడు కింద స్టాంపుబిళ్ల.

"ఏందబ్బాయా, నా మొహమేదీ?" అన్నాను.

"స్థలం చాల్లా నాయనా."

మనవడికి మాత్రం పట్టరాని సంతోషం. "తాతా, రెండు టీవీల్లో ఆ ఖాళీది!" అంటూ ఫ్లెక్సీకి ఫొటో తీసుకున్నాడు.