కనబడని మరణాలు, కుదించుకుపోయిన డిమాండ్లు

2014 నవంబరు 13న అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో 37 ఏళ్ల నల్లజాతి మహిళ టానిషా ఆండర్సన్ పోలీసుల చేతుల్లో ప్రాణాలు కోల్పోయారు. మానసిక అస్వస్థతతో ఉన్న ఆమెకు సాయం కావాలని కుటుంబసభ్యులే ఫోన్ చేస్తే, వచ్చిన పోలీసులు ఇంటి బయటే ఆమెను బోర్లా పడవేసి అదిమిపట్టారు. తొమ్మిది రోజుల తరువాత అదే నగరంలో బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్న పన్నెండేళ్ల టామిర్ రైస్‌ను ఒక పోలీసు కాల్చాడు. ఆ బాలుడి పేరు ప్రపంచమంతటా వినిపించింది, వినిపించవలసిందే. టానిషా పేరు ఎంతమందికి తెలుసు?

దీనిని మరపు అని సరిపెట్టుకోలేము. పోలీసు హింస అనగానే మీడియా దగ్గర ఒక మూస సిద్ధంగా ఉంటుంది: నడిరోడ్డు, నిరాయుధుడైన యువకుడు, ఎవరో సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో. నల్లజాతి మహిళలపై హింస చాలాసార్లు ఇంటి లోపల, గస్తీ కారులో, సాక్షులు లేని చోట జరుగుతుంది కనుక ఆ మూసలో ఇమడదు. 2020 మార్చి 13న అర్ధరాత్రి దాటాక లూయీవిల్‌లో సోదా పేరుతో తలుపు బద్దలుకొట్టి వచ్చిన పోలీసుల తూటాలకు 26 ఏళ్ల బ్రియానా టేలర్ బలైతే, పోలీసు నివేదికలో గాయాలు 'లేవు' అని నమోదైంది. దేశం ఆమె పేరును ఎలుగెత్తి పలికింది మాత్రం మే 25న మినియాపొలిస్‌లో పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగిన తరువాతే.

ఓక్లహోమా సిటీ ఉదంతం ఇంకా దారుణమైనది. డేనియల్ హోల్ట్‌జ్‌క్లా అనే పోలీసు అధికారి గస్తీ విధుల్లో ఉంటూ, ఫిర్యాదు చేసినా ఎవరూ నమ్మరనుకున్న పేద నల్లజాతి మహిళలను ఏరి లైంగిక దాడులు చేశాడు. పదమూడు మంది కోర్టుకెక్కి సాక్ష్యం చెప్పారు. 2015 డిసెంబరులో నేరం రుజువై, మరుసటి నెలలో అతనికి 263 ఏళ్ల శిక్ష పడింది. ఇంత పెద్ద కేసు విచారణకు జాతీయ టెలివిజన్ ఇచ్చిన చోటు అత్యల్పం. పోలీసు హింస అంటే తూటా ఒక్కటే అనుకున్నంత కాలం, ఈ పదమూడు మందికి జరిగింది ఆ లెక్కలోకే రాదు.

పోలీసుల చేతుల్లో మరణించేవారిలో పురుషులే చాలా ఎక్కువ కనుక దృష్టి వారిపై ఉండటం సహజమని కొందరు వాదిస్తారు. ఆ సంఖ్యను ఎవరూ కాదనడం లేదు. అయితే మరణాలను మాత్రమే లెక్కపెట్టే కొలత ఓక్లహోమా బాధితులను ముందుగానే పక్కకు నెట్టేస్తుంది.

ఉద్యమాలు తమవారికి చేసిన అన్యాయం నన్ను మరింత కలవరపెడుతుంది. అమెరికా దక్షిణాదిలోని మాంట్‌గమరీ నగర బస్సులో తెల్లవారికి సీటు వదలనన్నందుకు 1955 మార్చిలోనే, అదే కారణంతో అరెస్టై ప్రసిద్ధురాలైన రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, పదిహేనేళ్ల క్లాడెట్ కాల్విన్ అరెస్టయింది. నాయకులు ఆమెను ముందు నిలపడానికి వెనుకాడారు, అయినా బస్సుల్లో నల్లవారిని, తెల్లవారిని వేరుగా కూర్చోబెట్టే పద్ధతిని చట్టవిరుద్ధం చేసిన కేసులో వాది స్థానంలో నిలిచిన నలుగురు మహిళల్లో ఆమె ఒకరు. రాత్రికి రాత్రి వేలకొద్దీ కరపత్రాలు అచ్చువేసి ఆ బస్సుల బహిష్కరణకు పిలుపునిచ్చింది జో ఆన్ రాబిన్సన్ అనే అధ్యాపకురాలు. నల్లజాతివారి హక్కుల కోసం జరిగిన 1963 వాషింగ్టన్ మహాప్రదర్శనలో ప్రధాన ప్రసంగం చేసే అవకాశం ఒక్క మహిళకూ దక్కలేదు. 'బ్లాక్ లైవ్స్ మ్యాటర్' (నల్లవారి ప్రాణాలూ విలువైనవే) ఉద్యమాన్ని 2013లో ప్రారంభించింది ముగ్గురు నల్లజాతి మహిళలు, ఫ్లాయిడ్ హత్యను ఫోన్‌లో చిత్రించింది పదిహేడేళ్ల నల్లజాతి అమ్మాయి. శ్రమ వారిది, వేదిక ఇతరులది.

చట్టం కూడా ఇదే పని చేసింది. ఉద్యోగాల కోతలో వివక్ష జరిగిందని జనరల్ మోటార్స్‌పై అయిదుగురు నల్లజాతి మహిళలు దావా వేస్తే, 1976లో కోర్టు జాతి వివక్షను, లింగ వివక్షను కలిపి చూడటానికి నిరాకరించింది. సంస్థ తెల్లజాతి స్త్రీలను ఆఫీసుల్లోనూ, నల్లజాతి పురుషులను కర్మాగారాల్లోనూ నియమించుకుంది కదా అన్న వాదన చెల్లిపోయింది. ఆ తీర్పులోని లోపాన్ని 1989లో ఎత్తిచూపిన న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్షా నాయకత్వంలోని సంస్థే 2014లో పోలీసు హింసకు బలైన నల్లజాతి మహిళల కోసం 'సే హర్ నేమ్' (ఆమె పేరు పలకండి) ప్రచారాన్ని ప్రారంభించింది.

ఆ ప్రచారాన్ని కేవలం నివాళిగా చూడటం పొరపాటు, ఎందుకంటే ఎవరి మరణం కనబడుతుందో దాన్నిబట్టే డిమాండ్లు తయారవుతాయి. బ్రియానా పేరు వీధుల్లో మోగిన తరువాతే, 2020 జూన్‌లో, లూయీవిల్ నగర మండలి తలుపు తట్టకుండా ఇంట్లోకి చొరబడే వారెంట్లను ఆమె పేరిట చేసిన చట్టంతో నిషేధించింది. టానిషా మరణం కేంద్రంగా నిలిచి ఉంటే, మానసిక అస్వస్థుల ఇళ్లకు ఆయుధాలతో పోలీసులను కాక వైద్య సిబ్బందిని పంపాలన్న డిమాండు 2014లోనే వీధిలోకి వచ్చి ఉండేది. గస్తీ అధికారుల లైంగిక దాడులపై పోలీసు శాఖతో సంబంధం లేని దర్యాప్తు జరగాలన్న డిమాండు ఓక్లహోమా మహిళల పేరిట ప్రతి ఊరేగింపులోనూ, ప్రతి చర్చా కార్యక్రమంలోనూ ముందు వరుసలో ఉండాలి.