సవరణ: ప్రొజెస్టెరాన్, కల్లు మానినప్పటి బాధలు

మహబూబ్‌నగర్ వైపు ఆందోళన తగ్గించే మత్తు మందైన ఆల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడి, అది దొరకని రోజున వణుకుతోనూ, నిద్రలేమితోనూ, పొంతన లేని మాటలతోనూ ఆసుపత్రికి వచ్చేవారికి ప్రొజెస్టెరాన్ అనే స్త్రీ హార్మోన్ మాత్రలు ఇస్తే బాధ తగ్గుతుందని కిందటి వారం రాశాను. ఆ వాక్యం తప్పు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

ప్రొజెస్టెరాన్ శరీరంలో మరో రసాయనమైన అల్లోప్రెగ్ననలోన్‌గా మారి, ఆల్ప్రాజోలం పనిచేసే గాబా-ఏ గ్రాహకాల (మెదడు కణాల మీద ఇలాంటి మందులు అతుక్కునే భాగాల) మీదనే వేరొక చోట అతుక్కుని మెదడును శాంతపరుస్తుందన్నది నిజమే. నేను అక్కడే ఆగిపోయి, మిగతాది ఊహించుకున్నాను. దీర్ఘకాలం ఆల్ప్రాజోలం తరగతి మందులు వాడినవారు వాటిని మానేటప్పుడు ప్రొజెస్టెరాన్ ఇచ్చి చూసిన, 1995లో ప్రచురితమైన పరీక్షలో, చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. పైగా గర్భనిరోధక సూదిలో ఉండే మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ అల్లోప్రెగ్ననలోన్‌గా మారనే మారదు కనుక, ఏ హార్మోనైనా ఒకటేనన్న ధ్వని నా రాతలో ఉండడం రెండో తప్పు.

ఇంతకంటే ముఖ్యమైనది నేను రాయకుండా వదిలేశాను. ఏళ్ల తరబడి అలవాటైన కల్లునో, మాత్రనో ఒక్కసారిగా బందు పెడితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి, వైద్యులు సాధారణంగా డయాజిపామ్ వంటి మందుకు మార్చి, వారాల తరబడి మోతాదు తగ్గిస్తూ వస్తారు. ముట్లుడిగాక వేరే కారణానికి డాక్టరు రాసిన హార్మోన్ మాత్రలను మాత్రం ఈ సవరణ చూసి ఎవరూ ఆపవద్దు.