ఏజెన్సీ కాదు, సరే. మరి ఫారం 'సి' ఏమైంది?

"మనది ఏజెన్సీ కాదప్పా, ఇక్కడ చెంచులకు స్వపరిపాలన యాడిది?" కర్నూలు, నంద్యాల వైపు ఆఫీసుల్లో ఈ మాట ఎంత అలవాటైపోయిందంటే, గూడేల్లోనూ నమ్మేశారు. ఇది సగం నిజం. మిగతా సగం, అంటే ఏజెన్సీ కాకపోయినా అడవి మీద ఊరంతటికీ హక్కు అడిగే ఫారం 'సి' సంగతి, ఎవరూ చెప్పరు కాబట్టి ఈ పోస్టు.

నిజమైన సగం ఇది. 1950లో షెడ్యూల్డ్ ప్రాంతాలు, అంటే మనం ఏజెన్సీ అనేవి, ప్రకటించినప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. ఆ రాష్ట్రం నుంచి గోదావరి, విశాఖ ఏజెన్సీలు చేరాయి, నల్లమల చేరలేదు. కృష్ణకు అవతల హైదరాబాదు రాష్ట్రం కిందున్న అమ్రాబాద్ వైపు ఊర్లు చేరాయి. అందుకే అవతలి గట్టు చెంచుకు 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు స్వపరిపాలన ఇచ్చే చట్టం) ఉంది, ఇవతలి గట్టు చెంచుకు లేదు. భూబదలాయింపు నిషేధించే 1/70 కూడా ఇక్కడ చెల్లదు. పులికి మాత్రం ఏటికి రెండు పక్కలా ఒకటే చట్టం.

ఇక దాచిపెట్టిన సగం. 2006 అటవీ హక్కుల చట్టానికి ఏజెన్సీతో పని లేదు. అడవి ఉండి, గిరిజనులు దాని మీద బతుకుతుంటే చాలు. "ఇది టైగర్ రిజర్వు, కోర్ ఏరియా" అని భయపెడతారు గానీ, చట్టంలో 'అటవీ భూమి' అన్న మాటలో అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా ఉన్నాయి. హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని సెక్షన్ 4(5)లో రాసుంది.

మరి పని ఎక్కడ చెడుతోంది? గ్రామసభ దగ్గరే. ఏజెన్సీ బయట 'గ్రామం' అంటే పంచాయతీ చట్టం ప్రకారం గ్రామం. ఉదాహరణకు పంచాయతీలో 2,000 మంది పెద్దలు, అడవి అంచు గూడెంలో 80 మంది ఉన్నారనుకోండి. కోరం (సభ చెల్లడానికి కావాల్సిన హాజరు) సగం, అంటే వెయ్యి మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. రచ్చకట్ట దగ్గర అంతమంది ఏ రోజు చేరారు? చేరకుండానే మినిట్స్ పుస్తకంలో "సభ జరిగింది" అని రాస్తారు, గూడెం నుంచి నాలుగు వేలిముద్రలు తెస్తారు, అయిపోతుంది. తర్వాత ఎవరైనా అభ్యంతరం పెడితే మొదట కూలేది ఆ పేజీయే.

దీనికి మందు ఈ చట్టం రూల్స్‌కు 2012లో చేసిన సవరణలోనే ఉంది, రూల్ 2ఎ. ఏ రెవెన్యూ, ఫారెస్టు రికార్డులోనూ లేని గూడేలు, పెంటల (చెంచుల ఆవాసాల) జాబితా పంచాయతీ తయారు చేయాలి. ఆ గూడెంలోనే గ్రామసభ పెట్టి, జాబితా ఆమోదించి, క్లెయిములు చూసే సబ్‌డివిజన్ కమిటీకి పంపాలి. అప్పుడు ఈ చట్టం వరకు గూడెమే గ్రామం. 80 మందిలో 40 మంది వస్తే కోరం, అందులో 14 మంది ఆడవాళ్లుంటే చాలు. ఒక చింతచెట్టు కింద తేలే పని. దీన్నే మొదట అడగాలి, పట్టా కాదు.

రెండో తప్పు ఫారాల్లో. అందరి చేతా నింపించేది ఫారం 'ఎ', వ్యక్తిగత సాగు భూమి. అది వద్దని నేననను. కానీ చెంచు బతుకు రెండెకరాల చెక్కలో లేదు, తేనె, గడ్డలు, సారపప్పు, బంక దొరికే అడవంతా ఉంది. ఆ అడవిని కాపాడుకుని, నడుపుకునే హక్కుకు ఫారం 'సి'. చిన్న కాగితమే. ఊరు, పంచాయతీ, మండలం, జిల్లా, సభ్యుల పేర్లు, సరిహద్దు ఊర్లు, పటం. కొద్దిమంది గిరిజనులున్నా క్లెయిము పెట్టడానికి చాలని ఆ ఫారంలోనే అచ్చేసి ఉంది. "మీరు పది ఇండ్లే కదా" అనేవాళ్లకు ఆ లైను చూపించండి.

పటానికి సర్వేయరు కోసం కూర్చోవద్దు. ముసలోళ్లను ముందు పెట్టుకుని నడవండి. ఏ వాగు దగ్గర తేనెకొండ మొదలైంది, ఏ కుంట నీళ్లు వేసవికి నిలుస్తాయి, సమాధులెక్కడ, దేవత రాయెక్కడ, అన్నీ గుర్తు పెట్టండి. ఫారెస్టు వాళ్ల కంపార్ట్‌మెంటు (అడవి భాగం) నంబరు తెలిస్తే రాయండి, తెలియకపోతే ఆగొద్దు. సమాధులు, పాత గుడిసెల ఆనవాళ్లు, పవిత్ర స్థలాలు, పెద్దల వాంగ్మూలం, ఇవన్నీ రూల్ 13 కింద సాక్ష్యాలే. ఒకటి కంటే ఎక్కువ జత చేయండి.

గ్రామసభ తరఫున క్లెయిమును అక్కడికెళ్లి పరిశీలించే ముందు ఫారెస్టు, రెవెన్యూ వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేసి, రసీదు తీసుకోండి. ఇది మరిచే చాలామంది దెబ్బతిన్నారు. వాళ్లు రాకుండా, తర్వాత "మేం లేనప్పుడు చూశారు" అంటే క్లెయిము గ్రామసభకు తిరిగొస్తుంది. రెండోసారి కూడా రాకపోతే పరిశీలన మీద గ్రామసభ మాటే ఖాయం. పై కమిటీకి లోపం కనబడితే కొట్టేయడం కాదు, తిప్పి పంపాలి. సాంకేతిక కారణాలతో తిరస్కరించడం కుదరదు. కొట్టేస్తే కారణం రాసివ్వాలి, 60 రోజుల్లో అప్పీలు పెట్టుకోవచ్చు.

సామూహిక హక్కు పట్టా చేతికొస్తే ఏమవుతుందో మహారాష్ట్ర గడ్చిరోలిలో మెంఢా-లేఖా చూపించింది. 2009లో సామూహిక హక్కు తెచ్చుకుంది, 2011 నుంచి వెదురు రవాణా పర్మిట్లు గ్రామసభే ఇచ్చుకుంటోంది. 2012 రూల్స్ ప్రకారం మన గూడేనికీ అదే అధికారం, తేనెకైనా చీకాయకైనా. అటవీ ఫలసాయం మీద రాయల్టీ, ఫీజు వసూలు చేయకూడదు. ఇంతా ఉండి, ఉగాదికి కర్ణాటక భక్తులు వేలకొద్దీ పెచ్చెరువు మీదుగా శ్రీశైలం నడిచిపోతుంటే, ఆ అడవిలో పుట్టినవాడు తేనె డబ్బా పట్టుకుని చెక్‌పోస్టు దగ్గర నిలబడాలా? అహోబిలం నరసింహస్వామి చెంచుల అల్లుడని పారువేట ఉత్సవంలో గొప్పగా చెప్పుకుంటాం. అత్తగారింటికి మాత్రం కాగితం అడుగుతాం.

చెంచులు ప్రత్యేకంగా వెనుకబడిన తెగ. అలాంటి తెగలన్నింటికీ 'ఆవాస హక్కు' (తెగ తరతరాలుగా బతికిన ప్రాంతం మీద హక్కు) అందేలా చూడటం జిల్లా కమిటీ బాధ్యతని రూల్ 12బి చెబుతోంది, అదీ వాళ్ల కులపెద్దలతో మాట్లాడి. మధ్యప్రదేశ్ దిండోరిలో బైగాలకు ఇచ్చారు కూడా. ఒక ఊరికి సామూహిక హక్కు ఇవ్వకపోతే, ఎందుకివ్వలేదో జిల్లా కమిటీ కార్యదర్శి నమోదు చేయాలి. మీ గూడెం పేరు రాసి, ఆ నమోదు కాపీ కావాలని సమాచార హక్కు అర్జీ పెట్టండి. పేజీ ఉంటే అప్పీలుకు పనికొస్తుంది. లేదని జవాబొస్తే, ఆ జవాబునే ఫారం 'సి'కి పిన్ను కొట్టి ఇవ్వండి.