సమ్మె హక్కు ఉంది, ఉద్యోగానికే భరోసా లేదు

అమెరికాలో యూనియన్లు ఎందుకింత చిక్కిపోయాయని అడిగితే ఫ్యాక్టరీలు బయటి దేశాలకు తరలిపోయాయనో, నాయకులు అవినీతిలో పడ్డారనో చాలామంది చెబుతారు. రెండింట్లోనూ కొంత నిజముంది. కానీ నా దృష్టిలో అసలు దెబ్బ కోర్టులో పడింది, అదీ యూనియన్లు మంచి ఊపు మీదున్న రోజుల్లోనే.

1936 డిసెంబర్ చివర్లో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో జనరల్ మోటార్స్ కార్మికులు సమ్మెకు దిగారు, కానీ గేటు దాటి రాలేదు, మెషీన్ల దగ్గరే బైఠాయించారు. బయటికొస్తే కంపెనీ వేరేవాళ్లను తెచ్చి పని నడిపించేస్తుందని వాళ్లకు బాగా తెలుసు. యాజమాన్యం ఎముకలు కొరికే చలిలో హీటింగ్ ఆపేసింది, పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు, లోపలివాళ్లు ఫైర్ హోసులతో నీళ్లు కొట్టి, కారు తలుపుల బందులు విసిరి వాళ్లను వెనక్కి తరిమారు. గవర్నర్ ఫ్రాంక్ మర్ఫీ నేషనల్ గార్డును పంపాడు గానీ బలవంతంగా ఖాళీ చేయించలేదు. 44 రోజులకు, 1937 ఫిబ్రవరి 11న, అంత పెద్ద కంపెనీ దిగొచ్చి యూనియన్‌ను గుర్తించింది.

మరుసటి ఏడాదే మెకే రేడియో కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, సమ్మె చేశారని ఎవరినీ తీసేయకూడదు, కానీ వాళ్ల స్థానంలో కొత్తవాళ్లను శాశ్వతంగా పెట్టుకోవచ్చు. జీతం ఆగిన ఇంట్లో ఈ రెండింటికీ తేడా ఏముంటుంది? 1939లో ఫ్యాన్‌స్టీల్ కేసులో, ఫ్యాక్టరీలో బైఠాయించినవాళ్లకు చట్టం రక్షణ ఉండదని కూడా తేల్చేసింది. ఫ్లింట్‌ను గెలిపించిన దారి అలా మూసుకుపోయింది.

చాలా ఏళ్లు కంపెనీలు ఈ వెసులుబాటును పెద్దగా వాడలేదు. 1981లో సమ్మె చేసిన 11 వేల మందికి పైగా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లను అప్పటి అధ్యక్షుడు రీగన్ తీసేశాక (ప్రభుత్వోద్యోగులు కాబట్టి వాళ్ల సమ్మెకు చట్టమే ఒప్పుకోదు, అది వేరే సంగతి) ప్రైవేటు యాజమాన్యాలకూ ధైర్యమొచ్చింది. 1983లో అరిజోనా రాగి గనుల్లో ఫెల్ప్స్ డాడ్జ్ కంపెనీ సమ్మెలో ఉన్నవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను పెట్టుకుంది, చివరికి ఆ కొత్తవాళ్ల ఓట్లతోనే అక్కడ యూనియన్ల గుర్తింపు పోయింది. 1950ల్లో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు యూనియన్ సభ్యులైతే, 2024 నాటికి ప్రైవేటు రంగంలో అది 6 శాతం దగ్గరికి వచ్చేసింది.

హెచ్-1బి మీద పనిచేసే మన తెలుగువాళ్లకూ యూనియన్ పెట్టుకునే హక్కు 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం ప్రకారం ఉంది. అయితే ఉద్యోగం పోతే 60 రోజుల్లోగా ఇంకో దారి చూసుకోవాలన్న టెన్షన్‌లో ఉన్నవాళ్లు సమ్మె మాట ఎత్తగలరా?

శాశ్వతంగా కొత్తవాళ్లను పెట్టుకోవడాన్ని నిషేధించే ప్రో యాక్ట్ అనే బిల్లు 2021లో ప్రతినిధుల సభ దాటి సెనేట్‌లో ఆగిపోయింది. కార్మికుల పక్షమని చెప్పుకునే ఏ పార్టీ అయినా ముందు ఆ ఒక్క క్లాజును పాస్ చేయించాలి.