‘కొంత భాగం’ ఎంతో ముందే చెప్పాలి

పేరుమోసిన రాక్ గిటారిస్టు ఒకరు తన గిటార్లను వేలానికి పెట్టి, వచ్చిన సొమ్మును ధర్మకార్యానికి ఇచ్చేశారన్న వార్త ఎవరికైనా సంతోషం కలిగిస్తుంది. అయితే అటువంటి పెద్దలు సంపాదించిపెట్టిన గౌరవాన్ని అరువు తెచ్చుకుని, చెన్నైలో కచేరీల గోడపత్రికల మీద, తారలు వాడిన వస్తువుల వేలం ఆహ్వానాల మీద ఒక వాక్యం పాతుకుపోతున్న తీరు మమ్మల్ని కలవరపరుస్తోంది. ‘ఆదాయంలో కొంత భాగం సేవా కార్యక్రమాలకు’ అన్నదే ఆ వాక్యం. ఆ కొంత ఎంతో అందులో ఉండదు, ఏ సంస్థకు చేరుతుందో ఉండదు, ఎప్పటిలోగా చేరుతుందో అంతకన్నా ఉండదు. టికెట్టు కొన్నవారు, వేలంలో పాట పెంచినవారు, సేవ అన్న మాట విని పారితోషికం వదులుకున్న వాద్యకారులు తమ వంతు ఇచ్చేసి ఇళ్లకు వెళ్లిపోతారు. ఆ తర్వాత ఏం జరిగిందని అడిగేవారు లేరు, చెప్పేవారూ లేరు. దానం పేరు చెప్పి లెక్క చెప్పకపోవడమే ఆనవాయితీగా స్థిరపడితే, రేపు నిజంగా ఇచ్చేవారిని సైతం జనం నమ్మరన్నది మా భయం.

లెక్క చెప్పి ఇవ్వడం ఎలా ఉంటుందో తెలియాలంటే పింక్ ఫ్లాయిడ్ రాక్ బృందపు గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ 2019 జూన్ 20న న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ ద్వారా జరిపిన వేలాన్ని చూడాలి. 120కి పైగా గిటార్లు అమ్ముడై, సుమారు 2.15 కోట్ల డాలర్లు, అంటే నాటి మారకం ప్రకారం 150 కోట్ల రూపాయలకు దగ్గరగా వచ్చాయి. దశాబ్దాల పాటు ఆయన చేతిలో పలికిన నల్లని ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారు ఒక్కటే 39.75 లక్షల డాలర్లకు పోయింది. అప్పటివరకు వేలంలో మరే గిటారుకూ అంత ధర రాలేదు. ఈ డబ్బు పర్యావరణం కోసం న్యాయస్థానాల్లో పోరాడే క్లయింట్‌ఎర్త్ సంస్థకు వెళ్తుందని వేలం మొదలయ్యే ముందే లోకానికి తెలుసు. అంతకు చాలా ఏళ్ల ముందు ఆయన లండన్‌లోని తన ఇల్లు అమ్మి, ఆ సొమ్మును నిలువ నీడ లేనివారి కోసం పనిచేసే క్రైసిస్ సంస్థకు ఇచ్చినప్పుడూ ఇంతే స్పష్టంగా ఇచ్చారు. ఇచ్చిందేమిటో తెలుసు, పుచ్చుకున్నదెవరో తెలుసు. ‘కొంత భాగం’ అనవలసిన అవసరం ఆ మనిషికి రాలేదు.

మరో బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఇంకా ముందే ఈ దారి వేశారు. 1999 జూన్‌లో 100 గిటార్లను అమ్మి, వచ్చిన సుమారు 50 లక్షల డాలర్లను కరీబియన్ ద్వీపమైన ఆంటిగ్వాలోని క్రాస్‌రోడ్స్ కేంద్రానికి ఇచ్చారు. మద్యానికీ మాదకద్రవ్యాలకూ బానిసలైనవారికి అక్కడ చికిత్స చేస్తారు. ఆ వ్యసనాల నుంచి తానే బయటపడిన మనిషి 1998లో నెలకొల్పిన కేంద్రమది. 2004లో మళ్లీ వేలం పెట్టి, ‘బ్లాకీ’ అని ముద్దుగా పిలుచుకున్న గిటారును సైతం 9,59,500 డాలర్లకు వదులుకున్నారు. తన సంస్థకే తాను ఇచ్చుకున్నారని ఎవరైనా ఆక్షేపించవచ్చు. కానీ ఆ ఆక్షేపణ చేయగలుగుతున్నామంటేనే డబ్బు ఎక్కడికి వెళ్లిందో మనకు తెలిసినట్టు. మన నగరంలో జరిగే అనేక ‘సేవా’ కార్యక్రమాల మీద ఆ మాత్రం ఆక్షేపణ చేయడానికి కూడా ఆధారం దొరకదు.

2004 డిసెంబరు 26న సునామీ మెరీనా తీరాన్ని, నాగపట్నాన్ని ముంచెత్తిన రోజును చెన్నై మరచిపోలేదు. ఆ విపత్తు బాధితుల పేరిట మేటి గిటారిస్టులు సంతకాలు చేసిన ఒక స్ట్రాటోకాస్టర్ మరుసటి ఏడాది ఖతార్‌లో 27 లక్షల డాలర్లు పలికింది. రీచ్ అవుట్ టు ఏషియా అనే సంస్థ పేరు ఆ గిటారుతో పాటే ప్రకటించారు. ఒక కొయ్యముక్క మీద కొన్ని సంతకాలు పడితే అంత డబ్బు రాగలదన్నప్పుడు, ఆ డబ్బుకు కాపలా కూడా అంత గట్టిగా ఉండాలి.

డైర్ స్ట్రెయిట్స్ బృందపు మార్క్ నాఫ్లర్ ఉదాహరణ వేరు. ‘కొంత భాగం’ వాదులు రేపు చూపించబోయేది దీన్నే. 2024 జనవరి 31న లండన్‌లో ఆయన గిటార్లు 88 లక్షల పౌండ్లకు పైగా పలికాయి. అందులో ధర్మానికి ప్రకటించింది పాట ఖరారైన ధరలో 25 శాతం. దాన్ని బ్రిటిష్ రెడ్‌క్రాస్, ఆఫ్రికా వన్యప్రాణుల కోసం పనిచేసే టస్క్, ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతపు బ్రేవ్ హార్ట్స్ ఆఫ్ ది నార్త్ ఈస్ట్ అనే మూడు సంస్థలకు పంచుతామన్నారు. మిగిలిన ముప్పాతిక ఆయనదే. ఆయన వస్తువులు, ఆయన ఇష్టం. అందులో దాపరికమేమీ లేదు. మొత్తం ఇచ్చి ఉంటే మరింత మెచ్చుకునేవాళ్లం, పావు ఇచ్చినందుకు తప్పు పట్టం. ఎందుకంటే ఆయన అంకె చెప్పారు, పేర్లు చెప్పారు, రెండూ వేలానికి ముందే చెప్పారు. మన దగ్గర నాఫ్లర్‌ను అనుకరించేవారు పావు వంతు పద్ధతిని తెచ్చుకుని, ఆ పావు అన్న అంకెను మాత్రం విమానాశ్రయంలోనే వదిలేసి వస్తున్నారు.

అంకె ఎందుకంత ముఖ్యమో వేలం జరిగే తీరు తెలిసినవారికి వేరే చెప్పనవసరం లేదు. పత్రికల్లో వచ్చే ధర ఒకటి, సుత్తి దెబ్బతో ఖరారయ్యే ధర మరొకటి. 1999లో క్లాప్టన్ ‘బ్రౌనీ’ గిటారు 4,97,500 డాలర్లకు అమ్ముడైందని ప్రపంచమంతా రాసింది. పాట ఆగింది 4,50,000 దగ్గర. ఆ పైనున్న 47,500 వేలం సంస్థ కొన్నవారి నుంచి విడిగా వసూలు చేసుకునే రుసుము. అమ్మినవారి నుంచి కమీషన్ తీసుకునే ఏర్పాటూ ఉంటుంది. ఇక మన నగరంలో ఒక కచేరీయో వేలమో పెట్టాలంటే హాలు అద్దె, వేదిక, సౌండ్, లైట్లు, అతిథుల విమాన టికెట్లు, హోటల్ గదులు, ప్రచారం అన్నీ ముందు కోసుకుంటారు. అప్పుడు ‘ఆదాయంలో కొంత భాగం’ అన్నది దేనిలో కొంత? వసూలైన మొత్తంలోనా, ఖర్చులు పోగా మిగిలినదానిలోనా? మిగిలినదానిలో అయితే, ఏమీ మిగల్లేదని ఒక్క మాట అనేసి ఆ ‘కొంత’ను సున్నా చేయవచ్చు. ఒక్క అబద్ధమూ ఆడకుండా, ఒక్క చట్టమూ మీరకుండా, ఒక్క రూపాయీ ఇవ్వకుండా, ధర్మాత్ములన్న పేరు మాత్రం మూటగట్టుకుని వెళ్లవచ్చు. మా కోపమంతా ఈ వెసులుబాటు మీదనే.

బ్రిటన్‌లో ఇంత వెసులుబాటు లేదు. అక్కడి 1992 నాటి ధర్మ సంస్థల చట్టం ప్రకారం, వ్యాపార సంస్థ ఏదైనా అమ్మకంలో భాగం ధర్మానికి ఇస్తామని చెప్పుకుంటే, ఆ భాగం ఎంతో, ఏ సంస్థకో కొనేవారికి స్పష్టంగా తెలియజేయాలి. మన దేశంలో మహారాష్ట్ర, గుజరాత్‌లకు 1950 నాటి ట్రస్టుల చట్టం కింద ఛారిటీ కమిషనర్ ఉన్నారు. తమిళనాడులో సాధారణ ధర్మ ట్రస్టులన్నింటినీ కనిపెట్టుకుని ఉండే అటువంటి అధికారి లేరు. ఆదాయపు పన్ను శాఖ వద్ద నమోదైన సంస్థలు ఏటా లెక్కలు దాఖలు చేస్తాయి కదా అంటారు. చేస్తాయి, తమకు అందినదానికి చేస్తాయి. వాటి పేరు చెప్పి వేరొకరు వసూలు చేసినదెంతో ఆ లెక్కల్లో ఉండదు. వసూలైనదానికీ అందినదానికీ మధ్యనున్న ఈ చీకటి జాగాలోనే ‘కొంత భాగం’ హాయిగా బతుకుతోంది.

ఇంతగా గుచ్చి గుచ్చి అడిగితే ఇచ్చేవారు కూడా ఇవ్వడం మానేస్తారని, ఎంతో కొంత మంచి జరుగుతున్నప్పుడు అడ్డుపడడమెందుకని కొందరి వాదన. గుప్తదానమే ఉత్తమమని, చేసిన దానం చెప్పుకోకూడదని పెద్దలు అనలేదా అని మరికొందరు అంటారు. గుప్తదానం సొంత సొమ్ముతో చేసేది. పదిమందిని పిలిచి, వారి జేబుల్లోంచి తీసి, ఆ పేరు మీదనే గిటారుకు పదింతల ధర పెంచుకున్నాక గుప్తం అనడానికి హక్కు ఎక్కడిది? వస్తువు విలువను పెంచేది దానం అన్న ఆ ఒక్క మాటే అయినప్పుడు, ఆ మాటకు లెక్క చెప్పడం ఔదార్యం కాదు, బాకీ.

పైగా లెక్క అడగడం మన సంప్రదాయానికి కొత్తదేమీ కాదు. ఇక్కడికి కొన్ని గంటల దూరంలో ఉన్న తంజావూరు పెద్దగుడి గోడలు చదవండి. తాను ఇచ్చినవి, తన అక్క ఇచ్చినవి, తన రాణులు ఇచ్చినవి, ఇతరులు ఇచ్చినవి అన్నీ రాతి మీద చెక్కమని రాజరాజ చోళుడు ఆజ్ఞాపించాడు. ఏ నగ ఎంత బరువు, అందులో రత్నాలెన్ని, ఒక అఖండ దీపానికి 96 గొర్రెలు చొప్పున ఎవరి మందలో ఎన్ని అప్పగించారు, వాటికి బదులుగా రోజూ ఎంత నెయ్యి కొలవాలి అన్నంతవరకు అక్కడ ఉంది. రాజ్యాన్నేలే చక్రవర్తికి తన దానం వివరాలు జనం కళ్లెదుట పెట్టడం చిన్నతనం అనిపించలేదు. మన తెలుగునాట గుళ్లలోని దానశాసనాల తీరూ ఇదే: ఎంత నేల, దాని హద్దులేమిటి, ఎవరి పేరిట. వెయ్యేళ్ల కిందట రాతి మీద ఉలితో చెక్కగలిగిన అంకెను ఈనాడు గోడపత్రిక మీద అచ్చు వేయడం కష్టమని చెప్పడానికి నోరెలా వస్తుంది?

అంత దూరం పోకపోయినా, ఈ నగరంలోనే జీవించిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ఉదాహరణ ఉంది. రోజూ తెల్లవారుజామున ఇంటింటా వినిపించే వేంకటేశ్వర సుప్రభాతం రికార్డు మీద వచ్చే రాయల్టీని ఆమె తిరుమల తిరుపతి దేవస్థానం వేద పాఠశాలకు రాసిచ్చారు. పాట ఏదో, చేరేది ఎవరికో సూటిగా ఉన్న దానమది. 1952లో రాయలసీమ కరవుకు ఎన్.టి. రామారావు, 1977లో దివిసీమ ఉప్పెనకు ఆయనతో పాటు అక్కినేని నాగేశ్వరరావు, ఇతర నటీనటులు జోలె పట్టి వీధుల్లో తిరిగినప్పుడు, ఆ జోలె దేనికోసమో అందులో నాణెం వేసిన రిక్షా కార్మికుడికి కూడా తెలుసు. ఈ వారసత్వం ఉన్న నగరానికి ‘కొంత భాగం’ అన్న పలుకు తలవంపులు.

ఇక్కడ మాకు మరో ఆందోళన కూడా ఉంది. ద్వారం వెంకటస్వామి నాయుడు ఫిడేలు, చిట్టిబాబు వీణ, పాలకొల్లులో పుట్టి ఎలక్ట్రిక్ మాండలిన్‌తో కర్ణాటక సంగీతాన్ని ప్రపంచ వేదికలకు తీసుకెళ్లి, జాన్ మెక్‌లాఫ్లిన్ వంటి గిటారిస్టు సరసన కూర్చుని వాయించి, 2014లో ఇదే నగరంలో కన్నుమూసిన యు. శ్రీనివాస్ వాద్యం మన ఊరి సంగీత సంపద. విదేశీ గిటార్లు కోట్లు పలుకుతున్న కాలంలో, విద్వాంసుల వాద్యాలున్న ఇళ్ల తలుపులు తట్టే వ్యాపారులు రాకపోరు; వచ్చినప్పుడు వారి నోట మొదట వచ్చే మాట ధర్మమే అవుతుంది. అమ్మాలో వద్దో ఆ కుటుంబాల ఇష్టం. కానీ అప్పటికే ‘కొంత భాగం’ చెల్లుబాటైపోయి ఉంటే, ఆ విద్వాంసుల పేరును పెట్టుబడిగా పెట్టి ఎవరెంత సంపాదించుకున్నారో వారి వారసులకు సైతం తెలియకుండా పోతుంది.

చేయదగినది ఏమంత కష్టమైనదీ కాదు. 2024లో బెంగళూరు క్రికెటర్ కె.ఎల్. రాహుల్, అతియా శెట్టి దంపతులు ఆటగాళ్ల బ్యాట్లు, జెర్సీలు వేలం వేసి 1.93 కోట్ల రూపాయలు సేకరించారు. ఆ డబ్బు వినికిడి లోపమున్న పిల్లల కోసం పనిచేసే విప్లా ఫౌండేషన్‌కు అన్నది ముందే చెప్పారు, మొత్తమెంతో తర్వాత చెప్పారు. అందరూ చేయవలసినది ఇంతే. దానం పేరు వాడుకునే ప్రతి వేలానికీ, ప్రతి కచేరీకీ ముందు శాతం, సంస్థ పేరు, ఆ శాతం దేని మీద లెక్కిస్తారన్నది ప్రకటనలోనే అదే పరిమాణపు అక్షరాల్లో ఉండాలి. కార్యక్రమం ముగిశాక నిర్ణీత గడువులో వసూలెంత, ఖర్చెంత, అందినదెంత అన్నది ఆడిటర్ సంతకంతో బయటపెట్టాలి. ఇలా చెప్పనివారికి పోలీసు అనుమతి, కార్పొరేషన్ మైదానాలు, ప్రభుత్వ ఆడిటోరియాలు ఇవ్వకుండా తమిళనాడు ప్రభుత్వం నిబంధన తేవాలి. ధర్మ సంస్థలు కూడా తమ పేరును ఇంత చౌకగా అప్పివ్వడం మానుకోవాలి. తమ పేరిట ఎంత వసూలైందో తెలుసుకునే హక్కును ఒప్పందంలో రాయించుకోని ట్రస్టు తన బాధ్యత తాను మరచినట్టే.

ఇక ఈ కార్యక్రమాలకు దీపం వెలిగించడానికి వెళ్లే మంత్రులు, న్యాయమూర్తులు, సినీ ప్రముఖులకు మేం చెప్పేది ఒక్కటే. శాలువా భుజాన పడేముందు నిర్వాహకులను పక్కకు పిలిచి ఎంత శాతం, ఎవరికి అని అడగండి. జవాబు రాకపోతే వెనక్కి వచ్చేయండి. మీ ముఖం చూసి నమ్మి డబ్బు ఇచ్చినవారికి రేపు మీరు కూడా జవాబుదారులే. నాకు తెలియదు, పిలిస్తే వెళ్లానన్న సాకును ఈ పత్రిక అంగీకరించదు.