సవరణ: మూతపడ్డ బంగారు గనుల పోస్టులో రెండు తప్పులు

మూతపడ్డ బంగారు గనుల గురించి నిన్న రాసిన పోస్టులో రెండు పొరపాట్లు దొర్లాయి.

గని వ్యర్థాల గుట్టల్లో ఎప్పటికీ పోని ప్రమాదం, బంగారం తీయడానికి వాడే సయనైడ్ అని రాశాను. కాదు. ఎండా గాలీ తగిలే చోట అది చాలావరకు విరిగిపోతుంది. అసలు మొండిది పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. నీటిని తోడే పంపులు ఆపగానే గనిలో నీరు ఊరుతుంది. గాలి, నీరు తగిలిన పైరైట్ నుంచి ఆమ్లం పుట్టి రాతిలోని లోహాలను కరిగిస్తుంది. దక్షిణాఫ్రికాలో క్రూగర్స్‌డార్ప్ దగ్గర 2002లో పైకి పొంగింది అలాంటి నీరే. వాగు అడుగున తుప్పు రంగు మడ్డి పేరుకుంటే అనుమానించాల్సిందే.

ఇక షాఫ్ట్ (గనిలోకి దిగే నిలువు బావి) నోటికి కాంక్రీటు మూత వేస్తే భద్రత సంగతి తేలిపోయినట్టే అన్నాను. మరీ తొందరపాటు మాట అది. మూతలు పగలగొట్టి దిగేవాళ్లు ఉంటారు. లోపల మనుషులున్నారో లేదో చూడకుండా మూస్తే అంతకన్నా ఘోరం. దక్షిణాఫ్రికాలోనే స్టిల్‌ఫాంటైన్‌లో, అనుమతి లేకుండా తవ్వేవాళ్లు లోపలుండగా పోలీసులు పాత గనిలోకి తిండి, నీళ్లు వెళ్లకుండా కట్టడి చేశారు. 2025 జనవరిలో 246 మందిని ప్రాణాలతో, 78 మృతదేహాలను పైకి తెచ్చారు.

వ్యర్థాల గుట్టల మీద మొక్కలు నాటడం గురించి రాసింది అలాగే ఉంచుతున్నాను. కాకపోతే ఆమ్లం ఊరే గుట్టల మీద సున్నం కలపకుండా నాటితే అవి బతకడం కష్టం.